కలశం కాని చెంబు

మా ఇంట్లో మూడు వారాల పాటు మనశ్శాంతి లేకుండా పోవడానికి కారణం నాలుగు వేళ్ల వెడల్పున్న ఒక గడి. మార్కాపురంలో ఒక కల్యాణమండపంలో చిత్రాల ప్రదర్శన పెడుతున్నామనీ, చుట్టుపక్కల ఎవరు బొమ్మలు వేసినా తెచ్చి ఇవ్వవచ్చనీ ఒక దరఖాస్తు పంచారు. పేరు, ఊరు, పటం కొలతలు, వాడిన రంగులు. అంతవరకూ ఎవరికీ ఏ అన్యాయమూ జరగలేదు. అట్టడుగున ఆ గడి ఉంది. దాని నెత్తిన 'చిత్రంలోని భావం, ప్రతీకలు' అని అచ్చు వేశారు.

బొమ్మ వేసింది మా ఆవిడ. గడి నింపాల్సింది నేను. పత్రికల్లో నాలుగు హాస్యవ్యాసాలు అచ్చయిన నేరానికి, రేషను కార్డులో పేరు సవరణ దగ్గర్నుంచి ఎదురింటివాళ్ల కుక్క మీద ఫిర్యాదు దాకా మా ఇంట్లో ప్రతి కాగితమూ నా ముందుకే వస్తుంది.

మా ఆవిడది గిద్దలూరు పక్క. పెళ్లయిన పాతికేళ్లలో ముగ్గు తప్ప మరో గీత గీసిన మనిషి కాదు. మూడేళ్ల కిందట కళ్లజోడు మార్చుకుంది. కొత్త అద్దాల్లోంచి చూస్తే చెట్టు మీద ప్రతి ఆకుకూ విడిగా ఒక అంచు ఉందని తేలింది. ఆ ఆశ్చర్యం తట్టుకోలేక రంగులు తెప్పించుకుంది. ఆ అద్దాల్లోంచి నన్ను కూడా చూసింది. ఏమీ అనలేదు, బొమ్మ కూడా వేయలేదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుని పదకొండు పటాలు వేసి, పదకొండింటినీ మంచం కిందికి తోసింది. మా మంచం కింద ఇప్పుడు ఒక మ్యూజియం ఉంది. చెప్పులు వెతుక్కోవడానికి వంగితే కొండలూ చెరువులూ కనబడతాయి.

పన్నెండో పటం మంచం కిందికి పోలేదు. దరఖాస్తు నా చేతిలో పెట్టి, "మనింటోళ్లు కానోళ్లు ఒక్కసారి దీన్ని చూడాల. బాగుందో లేదో వాళ్లు చెప్పబన్లేదు, మొగంలో నేను చూసుకుంటా," అంది. పాతికేళ్లలో చీర అడిగినప్పుడు కూడా ఆమె గొంతు అట్లా లేదు. అందుకే నోరు మూసుకుని పెన్ను తీశాను.

పటంలో ఉన్నది చెప్తాను. కిటికీ గట్టు మీద ఇత్తడి చెంబు. అందులో రెండు తంగేడు కొమ్మలు, నాలుగు ముద్దబంతులు, ఒక చామంతి. చామంతి మెడ వాల్చి గట్టు మీది నల్లరాతిని చూస్తూ ఉంటుంది. చెంబు పొట్ట మీద పొద్దుటి ఎండ పడిన చోట బొటనవేలి గోరంత తెలుపు. ఆ గోరంత తెలుపుకు పదకొండు రోజులు పట్టింది. ఏడున్నరకు ఎండ మా కిటికీలోకి వస్తుంది. ఏడూ నలభైకి ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనక్కి పోతుంది. ఆ పది నిమిషాలూ మా ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. పాలవాడు పిలిస్తే పలకకూడదు. పైగా అది నేను నీళ్లు తాగే చెంబు. పదకొండు రోజులు దోసిలితో తాగిన రుషిని నేనే.

మొదట వేసిన మనిషినే అడిగాను, ఇందులో భావం ఏమిటని.

"పూలు," అంది.

"పూలు వస్తువు. భావం వేరే ఉంటుంది."

"అయితే చెంబు."

"చెంబు కూడా వస్తువే. సరే, ఈ చామంతి ఎందుకు వాలింది? ఏదో బాధ ఉండాలి కదా."

"పూలామె నిన్నటివి అంటగట్టింది. అదే బాధ. రాసుకో."

ఇట్లాంటి కళాకారులతో విమర్శకులు ఎట్లా బతుకుతున్నారో నాకు అర్థం కాలేదు. ఇంట్లో దొరకని భావం బయట దొరుకుతుందేమోనని వచ్చినవాళ్లందరినీ పట్టుకుని పటం ముందు నిలబెట్టాను.

మొదట దొరికినవాడు మా బామ్మర్ది. అర్ధవీడు దగ్గర గొర్రెలూ మేకలూ పెంచుతాడు. జీవాలకు మందు కొనడానికి మార్కాపురం వచ్చి మా ఇంట్లో భోజనం చేశాడు. పటాన్ని చాలాసేపు చూసి, "తంగేడు ఏసినావేందక్కా, మేక గూడ మూతి పెట్టదు దానికి," అన్నాడు. మళ్లీ చూసి, బంతిపూలయితే తింటాయని కొంత ఊరట కలిగించి వెళ్లాడు. మేకకు నచ్చినవి నాలుగు, నచ్చనివి రెండు, చామంతి సంగతి తేల్చలేదు. గడిలో ఇది రాయలేను.

మా నాయనకు ఎనభై దాటాయి. కొనకనమిట్ల పక్కన వాన మీద ఆధారపడి కందులు పండించిన మనిషి. పటం ముందు నిలబడి ఒకే ప్రశ్న అడిగాడు, చెంబులో నీళ్లున్నాయా అని. ఉన్నాయి మామా, బయటికి కనపడవు, అంది మా ఆవిడ. అయితే సరే, అని వెళ్లి పడుకున్నాడు. ఆయనకు బొమ్మ బాగున్నట్టే.

అసలు చేటు చేసింది మా చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు, బేస్తవారిపేట నుంచి కంటి డాక్టరు దగ్గరికి వచ్చింది. కళ్లలో చుక్కల మందు వేయించుకుని, లోకమంతా మసకగా కనిపిస్తున్న సమయంలో మా ఇంటికి వచ్చి విమర్శకు దిగింది.

"కలశం లచ్చనంగా ఉంది గానీ, టెంకాయ మర్చిపోయినావే అమ్మాయ్."

అది కలశం కాదని మా ఆవిడ, కలశం కాకపోతే చెంబు మీద ఆకులూ పూలూ ఎందుకున్నాయని చిన్నమ్మ. ఆ వాదన కాఫీ తాగేదాకా సాగింది. చిన్నమ్మ వెళ్తూ వెళ్తూ వాకిట్లో అమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఆ చెవిని నేను ఆ రోజే కనిపెట్టుకుని ఉండాల్సింది.

నేను మాత్రం నా గడి గొడవలో పడ్డాను. మూడు చిత్తుప్రతులు రాశాను. మొదటిదానిలో చెంబు మానవదేహం, వాలిన చామంతి వార్ధక్యం, తంగేడు కరువు నేల పట్టుదల. రెండోదానిలో చామంతి స్త్రీ, గట్టు మీది నల్లరాయి సమాజం. మూడోదానిలో నాలుగు బంతిపూలు నాలుగు పురుషార్థాలు. చదివి వినిపిస్తే మా ఆవిడ కూర తరుగుతూనే, "మోక్షం ఏది, ఆ ఎడమపక్కదా?" అని అడిగింది. అవునన్నాను. దానికి పురుగుంది, అంది.

ఇక శుక్రవారం. దరఖాస్తుతో పాటు పటం శనివారం మధ్యాహ్నం ఒంటిగంటలోగా అందాలి. అంటే మర్నాడే.

మా అమ్మ శుక్రవారం పద్ధతి గురించి చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. తలంటుకుని, గడపకు పసుపు రాసి, కుంకుమ గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. గోడకు తగిలించినదీ, బల్ల మీద నిలబెట్టినదీ ఏదైనా సరే దానికి బొట్టు పడుతుంది. దేవుళ్లు, గతించిన పెద్దలు, కరెంటు మీటరు, ఫ్రిజ్జు, నా డిగ్రీ పట్టా. ఒక శుక్రవారం నేను గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే నాకూ పెట్టింది. లేచి బజారుకు పోతే నలుగురూ ఏం శుభకార్యమని అడిగారు.

మామూలు పటమైతే అద్దం ఉంటుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది నూనె రంగు. మార్కాపురం ఎండలో వడియాలు పూటలో ఎండుతాయి, తుండుగుడ్డ తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోగా ఎండుతుంది. ఈ రంగు మాత్రం వారం దాటినా పచ్చిగానే ఉంది. స్టూలు మీద గోడకు ఆనించి, ఎవరూ ముట్టుకోవద్దని మా ఆవిడ ఇంటిల్లిపాదికీ చెప్పి కూరగాయలకు వెళ్లింది. అమ్మ ముట్టుకోలేదు. బొట్టు పెట్టింది, అంతే. అవి రెండూ వేరని ఇప్పటికీ ఆమె వాదన.

మా ఆవిడ సంచి కింద పెట్టి పటం ముందు నిలబడిపోయింది. చెంబుకు చెరో పక్కా ఒక బొట్టు, నడిమధ్య ఒకటి. పసుపు అద్ది, నీళ్లతో తడిపిన కుంకుమ దాని మీద ఒత్తిన పూర్తి స్థాయి బొట్టు. కలశానికి నాలుగు దిక్కులా పెట్టాలి కాబట్టి, నాలుగోది పటం వెనక గుడ్డకు పెట్టింది. నడిమి బొట్టు సరిగ్గా ఆ గోరంత తెలుపు మీద కూర్చుంది.

"అక్కడెందుకు పెట్టినావత్తా," అంది మా ఆవిడ. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అడిగింది.

"తెల్లగా వదిలిపెట్టినావు గదమ్మాయ్. బొట్టు కోసమే అనుకున్నా."

మా ఆవిడ రంగులు గీకే చిన్న కత్తి తీసింది. అప్పుడు అమ్మ అడ్డం వచ్చింది. చేతులు చాపి అడ్డం రాలేదు. పటం ముందు పీట వేసుకుని కూర్చుంది.

"తుడవగాకు. శుక్రవారం పూట కలశానికి బొట్టు తుడుస్తావా? లోపల మీ మామ దగ్గు ఇంటున్నావా లేదా?"

లోపల మా నాయన, ఎవరో సైగ చేసినట్టు, సరిగ్గా అప్పుడే దగ్గాడు.

"అది కలశం గాదత్తా. చెంబు."

"బొట్టు పెట్టకముందు చెంబు. పెట్టినాక కలశం."

ఈ మాటకు ఎదురు చెప్పగలిగిన తర్కశాస్త్రం ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. మా ఆవిడకు పదకొండు రోజుల వెలుతురు పోయింది. మా అమ్మకు అరవై ఏళ్లు కాపురం చేసిన మొగుడు లోపల దగ్గుతున్నాడు. ఒకరిది వెర్రి, ఒకరిది న్యాయం అని చెప్పడానికి నాకు సందు దొరకలేదు. సందు దొరకనప్పుడు తెలివైనవాడు ఊరుకుంటాడు. నేను ఒక సలహా ఇచ్చాను. బొట్టు అట్లాగే ఉంచుదామనీ, సౌభాగ్యానికి ప్రతీక అని గడిలో రాస్తే ఎంతో నిండుగా ఉంటుందనీ అన్నాను.

అత్తాకోడళ్లు ఆ పూట ఏకమైంది అప్పుడొక్కసారే. ఇద్దరూ నా వైపు చూశారు.

"అక్కడ ఎలుతురు పోయింది," అంది మా ఆవిడ. "నీకు కనపళ్లేదా?"

చూశాను. నిజం చెప్పాలంటే, అక్కడ వెలుతురు ఉండేదని పోయాకే నాకు తెలిసింది. మూడు చిత్తుప్రతులు మళ్లీ తీసి చదివాను. దేహం ఉంది, సమాజం ఉంది, పురుషార్థాలు వరసగా ఉన్నాయి. ఆ తెల్లచుక్క ఒక్క వాక్యంలో కూడా లేదు. వచ్చినవాళ్లలో ఎవరి కంటా పడలేదు. మా అమ్మ కంట మాత్రం పడింది. అందుకే బొట్టు తీసుకెళ్లి అక్కడ పెట్టింది.

మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మా ఆవిడ వెనక వరండాలో కుంచెలు కడుగుతూ కూర్చుంది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. అమ్మ పీట మీదినుంచి లేవలేదు. మూడింటికి ఉన్నట్టుండి తనే అంది, రేపు ఉద్వాసన చెప్తానని.

పూజ అయ్యాక కలశాన్ని ఎత్తి పక్కన పెట్టెయ్యరు. ఇక నీ చోటికి నువ్వు వెళ్లమ్మా అని మర్యాదగా చెప్పి, అక్షింతలు వేసి, కలశాన్ని కొంచెం కదిలిస్తారు. కదిలించాక అది మళ్లీ చెంబే. నీళ్లు చెట్టుకు పోయవచ్చు, చింతపండు పెట్టి తోమవచ్చు. పటానికీ అదే పద్ధతి చేస్తానంది. అయితే ఇప్పుడే చేసెయ్యమన్నాను. శుక్రవారం పూట లక్ష్మిని పొమ్మంటారా, నువ్వేం రాస్తావో ఏమో గానీ నీకు ఒక్కటీ తెలవదు, అని నన్నే చీవాట్లు పెట్టింది. కుంకుమ ఆ పచ్చి రంగులోకి రాత్రంతా దిగుతూ ఉండిపోయింది.

శనివారం పొద్దున స్నానాలయ్యాయి. అమ్మ అక్షింతల పళ్లెంతో వచ్చింది. అది చూసి మా ఆవిడ బెదిరిపోయి పటానికి అడ్డం నిలబడింది. అక్షింతలు పడితే ప్రతి గింజా రంగులో అంటుకుని, చెంబుకు మశూచి పోసినట్టు అవుతుంది. కాసేపు రాయబారం నడిచింది. అక్షింతలు స్టూలు కాళ్ల దగ్గర వేయడానికి ఒప్పందం కుదిరింది. తర్వాత ఎటు కదిలించాలన్నది వచ్చింది. అమ్మ ఉత్తరమంది. నాయన మంచం మీదినుంచే తూర్పన్నాడు. ఈలోగా మా ఇంటికి ఉత్తరం ఎటు అన్నదాంట్లోనే తేడా వచ్చి, నేను ఫోనులో దిక్సూచి తెరిచాను. అది ఇద్దరినీ కాదని వంటింటి కిటికీని చూపించింది. చివరికి పటాన్ని ఎత్తి పట్టుకోవాల్సింది నేను కాబట్టి, నా చేతులు లాగుతున్నాయి కాబట్టి, ఈశాన్యానికి జానెడు జరిపాను.

అమ్మ పటం ముందు చేతులు జోడించింది. "నీ చోటికి నువ్వు పోమ్మా తల్లీ. ఏమనుకోగాకు. పిల్ల దాన్ని ఊళ్లోకి పంపుకోవాలంట," అంది. మా ఆవిడకు యాభై ఏళ్లు. తర్వాత అమ్మ ఇటు తిరిగి, "ఊఁ, ఇప్పుడు చెంబు. గీక్కో," అంది.

పక్కల బొట్లు రెండూ తేలిగ్గా వచ్చాయి. వెనక బొట్టు జోలికి పోలేదు. నడిమిది రాలేదు. కుంకుమ తెలుపులో కలిసిపోయింది. గీకి, టర్పెంటైన్ గుడ్డతో అద్ది, మళ్లీ తెలుపు వేస్తే, కింది ఎరుపు లేతగా పైకి తేలింది. మళ్లీ వేసింది. మళ్లీ తేలింది. చెంబును పక్కన పెట్టుకుని చూసి వేద్దామంటే కిటికీలో ఎండ ఎప్పుడో ట్యాంకు వెనక్కి పోయింది. గడియారం పదకొండున్నర దాటింది. పంపను అంటుందని నేను ఎదురు చూశాను. నిజానికి ఆ మాట కోసం అమ్మ కూడా భయపడుతూ చూసింది. మా ఆవిడ కత్తి తుడిచి పెట్టి, పటాన్ని నా చేతుల్లో పెట్టి, "పద," అంది.

ఆటోలో పటం నా ఒళ్లో వెల్లకిలా ఉంది. ప్రతి గతుకుకూ ఒక బంతిపువ్వు నా చొక్కాకు అంటింది. కల్యాణమండపం దగ్గర బల్ల ముందు కూర్చున్నాయన దరఖాస్తు అడిగాడు. నేను మూడో చిత్తుప్రతి తీసేలోగా మా ఆవిడ నా జేబులోంచి పెన్ను లాక్కుని గడిలో 'చెంబు, పూలు, వెలుతురు' అని రాసిచ్చింది.

ఆయన చదివి, కళ్లజోడు పైకి తోసుకుని, ప్రతీకలు రాయలేదేమ్మా అన్నాడు.

"లేవు సార్. ఉన్న ఒక్కటీ పొద్దున పంపించేసినాం."

ప్రదర్శన రెండు రోజులు. మా పటాన్ని భోజనాల హాలుకు పోయే తలుపు పక్కన, చేతులు కడిగే కుళాయికి ఎదురుగా తగిలించారు. మా ఆవిడ దానికి నాలుగు గజాల దూరంలో, ఎవరో వేసిన గుర్రాల బొమ్మ చూస్తున్నట్టు నటిస్తూ నిలబడింది. ఆ గుర్రాలను రెండు రోజుల పాటు అంత శ్రద్ధగా చూసిన మనిషి, వేసినవాడితో కలిపి, మరొకరు ఉండరు. జనం వచ్చారు, ఫొటోలు దిగారు, పోయారు. బహుమతులు ఇచ్చేవాళ్లు మా పటం ముందు ఆగి, తలుపు తీసుకుని లోపలికి పోయారు.

రెండో రోజు సాయంత్రం ఒకామె వచ్చింది. మాకు తెలిసిన మనిషి కాదు, చేతిలో గుడ్డసంచి. అన్ని బొమ్మలూ నడుస్తూనే చూసుకుంటూ వచ్చి, మా చెంబు దగ్గర ఆగింది. సంచి కింద పెట్టింది. నన్ను కాపలా మనిషి అనుకుంది.

"ఇది పొద్దు గూకేటప్పటి ఎండ గదన్నా?"

నేను నోరు తెరిచేలోగా గుర్రాల దగ్గర్నుంచి మా ఆవిడ వచ్చేసింది. పొద్దుటిది, అంది.

"పొద్దుటి ఎండ ఇంత ఎర్రగా ఉండదులేమ్మా. మా ఇంట్లో సాయంత్రం బిందె మీద అచ్చం ఇట్లనే పడతది. పడి, అట్లనే పోతది." ఆమె ఇంకాసేపు చూసి సంచి ఎత్తుకుని వెళ్లింది.

తిరుగు దారిలో ఆటోలో మా ఆవిడ, "ఆమె చూసింది," అంది. రాళ్ల లోడుతో పోతున్న లారీని దాటాక, "తప్పు చూసింది," అంది. ఇంటి మలుపు దగ్గర, "తప్పు ఆమెది గాదు," అంది. కోపమో సంతోషమో నాకు తేలలేదు. అడిగితే మళ్లీ పూలు అంటుందని అడగలేదు. ఇంటికి వచ్చాక మా అమ్మకు అంతా చెప్పింది. పొద్దుటి ఎండకూ సాయంత్రం ఎండకూ తేడా ఎక్కడొచ్చిందో కూడా చెప్పింది. అమ్మ అంతా విని, రేపు మళ్లీ పెట్టు అంది.

మర్నాడు చెంబు మళ్లీ కిటికీ గట్టు మీద ఉంది. కొత్త పూలు. పటం గుడ్డ కూడా కొత్తది. మా అమ్మ తెల్లారకముందే పీట వేసుకుని చెంబు ఎదురుగా కూర్చుంది. ట్యాంకు పక్కనుంచి ఎండ ఎప్పుడొస్తుందో కనిపెట్టి చెప్పే ఉద్యోగం తనే తీసుకుంది. నేను గొంతు ఎండి చెంబు కోసం అటు వెళ్లాను.

"అమ్మాయ్, తెలుపొచ్చింది. బిరాన రా," అని కేక వేసి, నా వైపు తిరిగి, "అడ్డం లే నాయనా," అంది.